ఉత్త కాళ్ళ నుంచి బూట్ల దాకా – రహీం మాస్టారి కథ

పిల్లలూ,

మీలో ఇండియా గేటు చూడనివాళ్ళు ఉండరు. దానికి దగ్గరలోనే నేషనల్ స్టేడియం ఉంది. ఇప్పుడు దాన్ని హాకీ వీరుడు మేజర్ ధ్యాన్‌చంద్ పేరుతో పిలుస్తున్నాం. 1951 మార్చిలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగింది అక్కడే. మొత్తం 11 దేశాలు వచ్చాయి. ఫుట్‌బాల్ ఫైనల్లో మన జట్టు ఇరాన్‌తో తలపడింది. ఇరాన్ ఆటగాళ్ళు బూట్లు వేసుకుని దిగారు. మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. సాహు మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో మనం గెలిచాం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో తొలి బంగారు పతకం మనదే అయింది.

ఆ జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదు బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళంతా ఆయన్ను రహీం సాబ్ అనేవారు. ఆయన జీవితం మీకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. దానికి ఒక కారణం ఉంది.

ప్రతి సంవత్సరం ఆటల పోటీలకు జట్టును ఎంపిక చేసే రోజుల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. మైదానం నుంచి ఎవరో ఒకరు కుంటుకుంటూ క్లాసుకు వస్తారు. కాలికి ఏమైందని అడిగితే ఏమీ కాలేదంటారు. బెంచీ కింద బూటు విప్పుకుని చీలమండ నొక్కుకుంటూ కూర్చుంటారు. నొప్పి అని చెబితే జట్టులోంచి తీసేస్తారని భయం. అమ్మానాన్నలకు బదిలీ అయి కొత్తగా వచ్చిన పిల్లలకైతే ఆ భయం ఇంకా ఎక్కువ. కొత్త ఊళ్ళో, కొత్త బడిలో తొందరగా స్నేహితులు దొరికేది ఆటలోనే కదా! ఆ ఆట కూడా పోతే ఎలా అని నొప్పిని దాచుకుంటారు. ఇలా దాచుకునే పిల్లలకు రహీం సాబ్ కథ తప్పకుండా తెలియాలి.

బడిలో మొదలైన ప్రయాణం

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. చదువు పూర్తయ్యాక ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడులలో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. ఒక పక్క బడి, మరో పక్క మైదానం. సాయంత్రాలు ఖమర్ క్లబ్ తరఫున ఆడేవారు.

ఆడటం కన్నా ఆడించడంలో ఆయనకు ఇంకా గొప్ప నేర్పు ఉండేది. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలిచింది. ఆ రోజుల్లో మన ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పును ఆయన కాలంలో నాలుగుసార్లు ఎత్తుకెళ్ళింది. చివరిసారి, 1961లో, ఆ జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు. కలకత్తా పెద్ద క్లబ్బులకే ఫుట్‌బాల్ వచ్చని దేశమంతా అనుకునే రోజుల్లో, హైదరాబాదు పోలీసులు ఇక్కడికి వచ్చి వాళ్ళను ఓడించేవారు.

ఆయన పద్ధతి బడిపంతులు పద్ధతే. ఏ పిల్లవాడు ఏ పాఠంలో వెనకబడ్డాడో పంతులు ముందు అదే చూస్తాడు. రహీం సాబ్ కూడా అంతే. మనలో చాలామందికి కుడికాలు చురుకు, ఎడమకాలు మొద్దు. ఆయన కుర్రవాళ్ళకు ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. అందులో బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలి. మరో రకం పోటీలో బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకుని విన్యాసాలు చేయకూడదు. అందిన వెంటనే ఇంకొకరికి ఇచ్చేయాలి. అలా ఆడితే ఒక్కడి గొప్ప పోయి జట్టు గొప్ప వస్తుంది.

పేద పిల్లల్లో ఉన్న ప్రతిభ కూడా ఆయన కంట పడకుండా పోయేది కాదు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ అనే చోట తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఉండేవాడు. ఆట బ్రహ్మాండంగా ఆడేవాడు. కాని రోజూ హైదరాబాదు దాకా శిక్షణకు రావడానికి చేతిలో డబ్బు లేదు. రహీం సాబ్ అద్దె సైకిలుకు డబ్బులిచ్చి రప్పించుకున్నారని చెబుతారు. ఆ బలరామే తర్వాత మన దేశం తరఫున ఒలింపిక్స్‌లో రెండుసార్లు ఆడాడు.

ఉత్త కాళ్ళ గొప్ప, ఉత్త కాళ్ళ బాధ

ఆ రోజుల్లో మన ఆటగాళ్ళు ఉత్త కాళ్ళతో ఎందుకు ఆడేవారు? మొదటి కారణం డబ్బు. బూట్లు ఖరీదైనవి. రెండో కారణం అలవాటు. చిన్నప్పటి నుంచి వీధుల్లో, పొలాల్లో చెప్పుల్లేకుండా ఆడినవాళ్ళు. అరికాలి చర్మం గట్టిపడిపోయేది. బంతి పాదానికి తగిలినప్పుడు దాని వేగం, తిరుగుడు వేళ్ళకే తెలిసిపోయేది. చాలామంది చీలమండ చుట్టూ గుడ్డపట్టీ బిగించి కట్టుకుని ఆడేవారు.

1948 లండన్ ఒలింపిక్స్‌లో, స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి సంవత్సరమే, మన జట్టు ఫ్రాన్స్‌తో ఆడింది. మనవాళ్ళు ఎక్కువమంది ఉత్త కాళ్ళతోనే ఉన్నారు. రెండు పెనాల్టీ అవకాశాలు పోగొట్టుకుని 2–1 తేడాతో ఓడిపోయారు. ఓడినా ఆ ఆటను చూసి అక్కడివాళ్ళు ముచ్చటపడ్డారు. మూడేళ్ళ తర్వాత ఢిల్లీలో బంగారు పతకం వచ్చింది. బూట్లు మనకు అక్కర్లేదన్న ధీమా అందరిలో పెరిగింది. ఢిల్లీ మార్చి నెల ఎండ, పొడి నేల మనవాళ్ళ కాళ్ళకు బాగా పరిచయమే.

1952 జులైలో ఫిన్లాండ్ దేశపు హెల్సింకి నగరంలో ఒలింపిక్స్ జరిగాయి. మన జట్టుకు శిక్షకుడు రహీం సాబే. ప్రత్యర్థి యుగోస్లావియా. ఆ జట్టు చివరికి రజత పతకం గెలిచింది, అంత బలమైనది. అక్కడి చలి మనవాళ్ళకు అలవాటు లేదు. చాలామంది కాళ్ళకు బూట్లు లేవు. ఫలితం 10–1. మన తరఫున ఆ ఒక్క గోలు అహ్మద్ ఖాన్ కొట్టాడు.

చలిలో పాదానికి ఏమవుతుందో మీరే గమనించవచ్చు. జనవరిలో ఢిల్లీ పొగమంచులో ఉదయం ప్రార్థనకు నిలబడినప్పుడు కాలివేళ్ళు మొద్దుబారతాయి కదా. శరీరం లోపలి వేడిని కాపాడుకోవడానికి చేతులకు, కాళ్ళకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది. కండరాలు బిగుసుకుంటాయి. స్పర్శ మందగిస్తుంది. ఉత్త కాలి ఆటగాడికి ఉన్న బలమంతా ఆ స్పర్శే. చలిలో అదే పోయింది.

ఆ ఓటమి తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

బూట్లు అలవాటు చేసుకోవడం

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఉత్త కాళ్ళతో ఆడినవాడికి బూట్లు తొడిగితే ఏమవుతుందో ఆలోచించండి. మడమ వెనక రాసుకుని బొబ్బలు లేస్తాయి. వేళ్ళు ఇరుకులో నలిగి గోళ్ళు నల్లబడతాయి. కాలు బరువెక్కుతుంది. బంతి ఎక్కడ తగిలిందో తెలియదు. నిన్నటిదాకా మొనగాడు అనిపించుకున్నవాడు ఇవాళ కొత్తగా నడక నేర్చుకుంటున్నవాడిలా తడబడతాడు. నొప్పి కన్నా ఆ సిగ్గు ఎక్కువ బాధిస్తుంది.

రహీం సాబ్ చేతిలోకి వచ్చింది అలాంటి సమయం. ఆయన పాత గొప్పలు చెప్పుకుంటూ కూర్చోలేదు. సాధన మీదే నమ్మకం పెట్టుకున్నారు. దమ్ము పెంచే పరుగులు, చిన్న చిన్న పాసులు, రెండు కాళ్ళతో ఆట, గట్టి క్రమశిక్షణ – ఇవే ఆయన పాఠాలు.

నాలుగేళ్ళ తర్వాత, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఈసారి మన జట్టు బూట్లతో దిగింది. ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీఫైనల్లో ఎదురైంది ఎవరో తెలుసా? మళ్ళీ యుగోస్లావియానే! ఈసారి మొదటి గోలు మనది. చివరికి 4–1తో ఓడిపోయాం. అయినా హెల్సింకిలో 10–1తో చిత్తయిన దేశం నాలుగేళ్ళలో అదే ప్రత్యర్థి మీద ముందంజ వేయగలిగింది. మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతకన్నా పై స్థానం మనకు మళ్ళీ రాలేదు.

జకార్తా

1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు. అప్పటికే రహీం సాబ్ ఆరోగ్యం దెబ్బతింది. ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. సిగరెట్లు బాగా తాగే అలవాటు ఉండేది. ఆటగాళ్ళ దమ్ము గురించి అంత శ్రద్ధ తీసుకున్న మనిషి తన ఊపిరిని కాపాడుకోలేకపోయారు.

తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడాం. తర్వాత థాయిలాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో గెలిచాం. థాయిలాండ్‌తో ఆటలో మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని సెమీఫైనల్లో డిఫెన్స్‌లో కాకుండా ముందు వరుసలో ఆడించారు. దక్షిణ వియత్నాం మీద 3–2తో గెలిచాం.

సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్ళీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆ క్రీడలకు రానివ్వకపోవడం తప్పని మన దేశ క్రీడాధికారి ఒకరు అన్నందుకు అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. దాదాపు లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడే కోలుకున్నాడు. త్రిలోక్ సింగ్ కాలివేలి గాయంతోనే ఆడాడని చెబుతారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో కుట్లు పడిన తలతో ఉన్న జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. 2–1తో బంగారు పతకం మనకు దక్కింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్ళు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఫుట్‌బాల్ ఆటగాడై, అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా వల్ల ఈ తరానికి రహీం సాబ్ పేరు మళ్ళీ తెలిసింది.

ఓర్చుకోవడం వేరు, దాచుకోవడం వేరు

జకార్తా కథ విన్న పిల్లలు ఒక మాట అనుకోవచ్చు. గాయంతో ఆడితేనే వీరులు అవుతారేమో అని. అక్కడే మనం కాస్త ఆగి ఆలోచించాలి. జర్నైల్ సింగ్ గాయం జట్టులో అందరికీ తెలుసు. శిక్షకుడికి తెలుసు. అందుకే అతని స్థానం మార్చారు. అతను దాన్ని దాచుకోలేదు. పైగా అతను పెరిగి పెద్దవాడైన ఆటగాడు. తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఈ రోజుల్లో డాక్టర్లు అంత తొందరగా ఆడనివ్వరు కూడా.

మీ కాళ్ళు ఇంకా పెరుగుతున్న కాళ్ళు. ఒక్కో పాదంలో 26 ఎముకలు ఉంటాయి. పెరిగే వయసులో మడమ ఎముక చివర మెత్తటి ఎదుగుదల భాగం ఒకటి ఉంటుంది. ఎక్కువగా పరుగెత్తి దూకే పిల్లలకు, సుమారు ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య, అక్కడ నొప్పి రావడం మామూలే. కొన్నాళ్ళు ఆట తగ్గించి, మడమ దగ్గర మెత్తగా ఉండే బూట్లు వేసుకుంటే చాలావరకు తగ్గిపోతుంది. చెప్పకుండా పరుగెత్తితే నెలల తరబడి సాగుతుంది.

చీలమండ బెణకడం ఇంకో రకం. పాదం లోపలికి మడత పడి, బయటి వైపున ఎముకలను కలిపి ఉంచే పట్టీల్లాంటి కండె సాగిపోతుంది. అప్పుడు చేయవలసింది వెంటనే ఆట ఆపడం. ఐసును గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టాలి; నేరుగా చర్మం మీద పెట్టకూడదు. పట్టీ కట్టాలి, కాని వేళ్ళు తిమ్మిరెక్కేంత బిగించకూడదు. కాలిని దిండు మీద ఎత్తుగా పెట్టాలి. నరం పట్టిందని ఎవరైనా గట్టిగా గుంజబోతే, నూనె రాసి రుద్దబోతే వద్దనండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, ఎముక మీద వేలు పెడితే ప్రాణం పోయినట్టున్నా డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించాలి.

తగ్గాక కూడా ఒక్కసారిగా మైదానంలోకి దూకకండి. ముందు నడక, తర్వాత మెల్లగా పరుగు, ఆ తర్వాతే మలుపులు, దూకుళ్ళు. రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఒక్క కాలి మీద నిలబడండి. దెబ్బ తిన్న చీలమండకు తూకం మళ్ళీ అలవాటు కావడానికి అది చక్కటి సాధన. రెండో కాలితో కూడా చేయండి. బలహీనమైన కాలికి కూడా పాఠం చెప్పాలన్నది రహీం సాబ్ పద్ధతే కదా.

బూట్ల విషయం కూడా మరవకండి. నిరుటి బూట్లు ఈ ఏడు ఇరుకవుతాయి. పొడవైన వేలి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం పూటే కొనుక్కోండి. కొత్త బూట్లను నేరుగా పోటీకి వేసుకెళ్ళకుండా కొన్ని రోజులు ఇంట్లో, తర్వాత సాధనలో వేసుకుని అలవాటు చేసుకోండి. ఉత్త కాళ్ళతో పెరిగిన ఆ తరం ఆటగాళ్ళకు కూడా బూట్లు ఒక్క రోజులో అలవాటు కాలేదు.

పిల్లలూ, కొత్త బడిలో మిమ్మల్ని ఎవరూ ఎరగరని, నొప్పి చెబితే చోటు పోతుందని భయపడకండి. మంచి మాస్టారు నొప్పి చెప్పిన పిల్లవాణ్ణి తీసిపారేయడు. ఏ కాలు బలహీనంగా ఉందో తెలుసుకుని దానికి తగ్గ పాఠం చెబుతాడు. ఆ పాఠం చెప్పడానికి ముందు కాలు సంగతి ఆయనకు తెలియాలి. అది చెప్పవలసింది మీరే.

ఈసారి ఇండియా గేటు వైపు వెళ్ళినప్పుడు ఆ స్టేడియం ముందు ఒక్క నిమిషం ఆగండి. ఎండలో, పొడి నేల మీద ఉత్త కాళ్ళతో పరుగెత్తిన ఆ ఆటగాళ్ళను, పక్కన నిలబడి వాళ్ళ అడుగులు గమనిస్తున్న హైదరాబాదు మాస్టారిని తలచుకోండి. తర్వాత మీ బూటు లేసు సరిచూసుకుని నడవండి.